తాళం కొత్తది, దొంగ పాతవాడు

ఆర్నెల్లకోసారి వాట్సాప్ గ్రూపుల్లో ఓ వార్త తిరుగుతుంది. "క్వాంటమ్ కంప్యూటర్ వచ్చేసింది, ఇక బ్యాంకు ఖాతాలన్నీ గల్లంతే" అని. 2024 అక్టోబరులో కూడా ఇలాగే, చైనా వాళ్ళు క్వాంటమ్ యంత్రంతో ఆర్‌ఎస్‌ఏని బద్దలు కొట్టేశారని గోలగోలగా రాశారు. తీరా చూస్తే వాళ్ళు విడగొట్టింది 22 బిట్ల సంఖ్య. అంటే 42 లక్షల లోపు సంఖ్య. దాని కారణాంకాలు కావాలంటే 2048 లోపున్న 309 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూస్తే చాలు. కాగితం, పెన్సిలు, కాస్త ఓపిక ఉంటే ఎనిమిదో క్లాసు పిల్లాడు చేసేస్తాడు. మన బ్యాంకుల తాళాలు 2048 బిట్లవి. ఎక్కడి 22, ఎక్కడి 2048!

ఈ టపా క్వాంటమ్ కంప్యూటర్ల గురించి కాదు (చివర్లో కొంచెం వస్తాయి లెండి). నేను చెప్పదలుచుకున్నది ఇంకోటి. ఆర్‌ఎస్‌ఏ పుట్టి 50 ఏళ్ళు కావొస్తోంది. ఇన్నేళ్ళలో దాని తాళాలు చాలాసార్లు పగిలాయి. కానీ సరిగ్గా చేసిన, సరైన సైజున్న తాళాన్ని కారణాంకాలు కనుక్కుని పగలగొట్టినవాడు ఇప్పటిదాకా బయటపడలేదు. పగిలినవన్నీ చేతగాకో, బద్ధకం కొద్దో, తొందరలోనో చేసినవి. పగలగొట్టడానికి వాడిన లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. ఒకటి క్రీస్తుపూర్వం నాటిది, ఇంకోటి 1356 నాటిది. రెంటికీ మూలం మనం స్కూల్లో చదువుకున్నదే. అందుకని నా వాదన ఏంటంటే, మన వృత్తిలో ఉన్నవాళ్ళు "అదంతా లైబ్రరీ చూసుకుంటుంది" అని తప్పించుకోవడం ఇక కుదరదు.

సరే, మొదట్నించీ వద్దాం.

ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఫ్రెషర్లని నేను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఓ సంఖ్య ఇస్తాను, దాని ప్రధాన కారణాంకాలు రాబట్టే ప్రోగ్రామ్ రాయమంటాను. అమీర్‌పేట పుణ్యమా అని ఈ ప్రశ్న అందరికీ వచ్చు. 2తో మొదలెట్టి వర్గమూలం దాకా లూప్ తిప్పుతారు, భాగిస్తారు, ప్రింట్ చేస్తారు. "మరి 617 అంకెల సంఖ్య ఇస్తే?" అంటాను. "బిగ్ ఇంటీజర్ వాడతాను సార్." "ఎంతసేపు పడుతుంది?" "కొంచెం టైమ్ పడుతుంది సార్."

ఆ "కొంచెం"లోనే ఉంది కథంతా :) 617 అంకెల సంఖ్యకి వర్గమూలం దాదాపు 309 అంకెలుంటుంది. సెకనుకి లక్ష కోట్ల భాగహారాలు చేసే యంత్రం పెట్టినా, పట్టే సంవత్సరాలని అంకెల్లో రాస్తే ఆ సంఖ్యకే 280కి పైగా అంకెలుంటాయి. ఈ విశ్వం వయసు రాయడానికి 11 అంకెలు చాలు.

ఆర్‌ఎస్‌ఏ అంతా ఈ "కొంచెం టైమ్" మీదే నిలబడింది. మీరు రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు ఎంచుకుంటారు. వాటిని గుణిస్తారు. గుణకారం లాప్‌టాప్ రెప్పపాటులో చేస్తుంది. వచ్చిన లబ్ధాన్ని ఊరంతా చాటేస్తారు, అదే పబ్లిక్ కీలో ముఖ్య భాగం. విడి సంఖ్యలు రెండూ మీ దగ్గర దాచుకుంటారు. లబ్ధం తెలిసినవాడు మీకు రహస్యం పంపగలడు. విడి సంఖ్యలు తెలిసిన మీరొక్కరే దాన్ని చదవగలరు. గుణించడం తేలిక, వెనక్కి విడగొట్టడం కష్టం. ఇంతే అసలు సూత్రం.

రేషన్ షాపులో డీలరు మెషీన్ మీద మా పెద్దమ్మ వేలు పెడుతుంది చూశారూ, దాని వెనకాల కూడా ఇదే ఉంది. ఆధార్ అథెంటికేషన్ కోసం ప్రచురించిన ఏపీఐ పత్రంలో, సెషన్ కీని సంస్థ వారి 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చెయ్యాలని రాసుంది. బియ్యం కోసం పెట్టిన వేలిముద్ర దారిలో ఎవడి చేతికీ చిక్కకుండా ఉండాలంటే, ఎవడూ ఓ 617 అంకెల సంఖ్యని రెండుగా విడగొట్టలేకపోవాలి. "గణితం మనకెందుకండీ, మనం అప్లికేషన్ డెవలపర్లం" అనేవాళ్ళు ఓసారి ఆలోచించాలి.

ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి ఉండే రెండు అపోహలు తీర్చేసి ముందుకెళ్తాను.

మొదటిది: "2002లో ఐఐటీ కాన్పూర్ వాళ్ళు కనిపెట్టేశారుగా, ఇంకా ఆర్‌ఎస్‌ఏ ఎలా పనిచేస్తోంది?" మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఆ ఏడాది ఆగస్టులో కనిపెట్టింది నిజంగా గొప్ప విషయమే. 2006లో గోడెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ వాళ్ళు చెప్పింది ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అన్నది త్వరగా తేల్చే పద్ధతి. "కాదు" అని తేలినా కారణాంకాలేంటో అది చెప్పదు. ఈ రెంటికీ తేడా ఎంతో తెలియాలంటే పాత ముచ్చట ఒకటి చాలు. 2ని 67 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య కాదని 1876లోనే ల్యూకా అనే ఫ్రెంచాయన నిరూపించాడు. దాని కారణాంకాలేంటో మాత్రం ఆయనకి తెలీదు. 27 ఏళ్ళ తర్వాత, 1903లో, కోల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒక గణిత సభలో 193707721, 761838257287 అని రెండు సంఖ్యలు చూపించాడు. నోరు మెదపకుండా బోర్డు మీద గుణించి చూపించి కూర్చున్నాడని చెప్పుకుంటారు. సరిచూడటానికి కొన్ని నిమిషాలు, కనుక్కోవడానికి ఏళ్ళకి ఏళ్ళు. నిజానికి ప్రధాన సంఖ్యని త్వరగా గుర్తుపట్టగలగడం ఆర్‌ఎస్‌ఏకి శత్రువు కాదు, మిత్రుడు. లేకపోతే మనకి కావాల్సిన రెండు ప్రధాన సంఖ్యలూ ఎక్కణ్ణించి తెస్తాం?

రెండోది: "కారణాంకాలు కనుక్కోవడం కష్టమని నిరూపించారు." లేదండీ, ఎవరూ నిరూపించలేదు. చాలామంది అనుకున్నట్టు అది ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని కూడా ఎవరూ చూపలేదు, కాకపోవచ్చనే నిపుణుల నమ్మకం. మనకున్న ధీమా అల్లా ఒక్కటే. తెలివైనవాళ్ళు శతాబ్దాలుగా ప్రయత్నించారు, ఈ సైజులో ఎవరివల్లా కాలేదు.

"ఎవరివల్లా కాదు" అన్న మాటకి మాత్రం పెద్ద చరిత్రే ఉంది. 1874లో జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త తన పుస్తకంలో 8616460799 అనే సంఖ్య ఇచ్చి, ఏ రెండు సంఖ్యలు గుణిస్తే ఇది వస్తుందో నాకు తప్ప ఎవరికీ ఎప్పటికీ తెలీదేమో అన్నట్టు రాశాడు. జవాబు 89681, 96079. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే, 1903లో, లెహ్మర్ అనే ఆయన చెప్పేశాడు. ఈ కథలో నాకు నచ్చే భాగం వేరే ఉంది. జెవన్స్ రాసేనాటికి 500 ఏళ్ళ ముందే దాన్ని విప్పే కిటుకు మన దేశంలో రాసిపెట్టి ఉంది.

నారాయణ పండితుడు 1356లో రాసిన గణిత కౌముదిలో ఆ పద్ధతి ఉంది. 1643లో ఫ్రాన్సులో ఫెర్మా అదే పద్ధతి మళ్ళీ చెప్పాడు, ప్రపంచం దాన్ని ఫెర్మా పేరుతోనే పిలుస్తుంది. పద్ధతి చాలా సింపుల్. 9991 కారణాంకాలు చెప్పండి అంటే మనం 3, 7, 11, 13 అంటూ మొదలెడతాం. అలా కాకుండా, దానికి పైనున్న వర్గ సంఖ్య చూడండి. 10000, అంటే 100 వర్గం. అందులోంచి 9991 తీసేస్తే 9, అంటే 3 వర్గం. రెండు వర్గాల భేదం అంటే ఏంటి? స్కూల్లో బట్టీపట్టిందే. మొత్తాన్ని భేదంతో గుణించడం. 103 ఇంటూ 97. అయిపోయింది!

మొదటి వర్గంతో కుదరకపోతే తర్వాతి దానికి వెళ్ళడమే. ఫెర్మా తన ఉత్తరంలో 2027651281 తీసుకున్నాడు. 45030తో మొదలెట్టి 12వ ప్రయత్నంలో, 45041 దగ్గర, 44021, 46061 అని రెండు కారణాంకాలు బయటపడ్డాయి. జెవన్స్ సంఖ్య మీద నేనూ లెక్కేశాను. 92825తో మొదలెడితే 92880 దగ్గర తేలిపోతుంది. అంటే 56 ప్రయత్నాలు. "ఎవరికీ ఎప్పటికీ" అన్న రహస్యం విలువ 56 కూడికలూ తీసివేతలూ!

ఎందుకంత తేలిగ్గా దొరికాయి? రెండు కారణాంకాలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి. దూరంగా ఉంటే ఈ పద్ధతి మామూలు భాగహారం కంటే దారుణంగా నడుస్తుంది. కాబట్టి ఆర్‌ఎస్‌ఏ చేసేవాడు మొట్టమొదట పాటించాల్సిన నియమం ఇదే. రెండు ప్రధాన సంఖ్యలూ పక్కపక్కన ఉండకూడదు. విడివిడిగా, యాదృచ్ఛికంగా ఎంచుకుంటే అవి వాటంతటవే చాలా దూరంగా పడతాయి, ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు.

ఇంత తెలిసిన విషయం కదా, ఈ కాలంలో ఇలాంటి పొరపాటు ఎవరు చేస్తారు అంటారా? 2022లో హానో బ్యోక్ అనే జర్మన్ పరిశోధకుడు బయట వాడుకలో ఉన్న కీలని పోగేసి, వాటి మీద ఫెర్మా పద్ధతి నడిపి చూశాడు. కానన్, ఫ్యూజీ జిరాక్స్ ప్రింటర్లు కొన్ని తయారుచేసిన కీలు ఇట్టే విడిపోయాయి. 56 ప్రయత్నాలు కూడా అక్కర్లేదు, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని చాలు. వాటి లోపల వాడిన లైబ్రరీ ఒక ప్రధాన సంఖ్య ఎంచుకుని, దాని పక్కనే ఉన్న ఇంకోదాన్ని రెండోదిగా తీసుకుంటోందన్నమాట. కోడ్ రాసినవాడికి అది తెలివైన షార్ట్‌కట్‌లా అనిపించి ఉంటుంది, రెండోసారి వెతికే పని తప్పిందిగా! 2048 బిట్ల కొత్త తాళం, 1356 నాటి తాళంచెవి.

ఇది ఒక్కటే అయితే టపా రాసేవాణ్ణి కాదు. ఇంకోటి చూడండి.

ఫ్రెషర్లలో కాస్త చురుకైనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇద్దరు ఒకే ప్రధాన సంఖ్య ఎంచుకుంటే?" మంచి ప్రశ్న. 1024 బిట్ల ప్రధాన సంఖ్యలు 1 పక్కన 305 సున్నాలు పెట్టినన్ని ఉన్నాయి. నిజంగా యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఇద్దరికి ఒకటే తగలడం జరిగే పని కాదు. కానీ ఒకవేళ తగిలిందనుకోండి, ఏమవుతుంది?

10403, 11021 అని రెండు సంఖ్యలున్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ వెంటనే విడిపోదు. కానీ రెంటికీ కలిపి గ.సా.భా. కట్టండి. 11021 లోంచి 10403 తీస్తే 618. 10403ని 618తో భాగిస్తే శేషం 515. 618 లోంచి 515 తీస్తే 103. 515ని 103 నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి గ.సా.భా. 103. దాంతో మొదటిది 101 ఇంటూ 103, రెండోది 103 ఇంటూ 107 అని తెలిసిపోయింది. ఒక్క దెబ్బకి రెండు తాళాలూ ఊడాయి. యూక్లిడ్ క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో రాసిన పద్ధతి ఇది, మనం స్కూల్లో చేసిన అదే గ.సా.భా. దీనికి సంఖ్య ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, 617 అంకెలున్నా క్షణంలో పని అవుతుంది.

2012లో నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ మొత్తం గాలించి పబ్లిక్ కీలు పోగేసి సరిగ్గా ఇదే చేసింది. అన్నిటికీ ఒకదానితో ఒకటి గ.సా.భా. కట్టింది. టీఎల్‌ఎస్ వాడుతున్న యంత్రాల్లో 0.5 శాతం ప్రైవేట్ కీలు అలా చేతిలోకొచ్చి పడ్డాయి. ప్రతి 200 యంత్రాల్లో ఒకటి! అదే ఏడాది లెన్‌స్ట్రా బృందం కూడా విడిగా ఇదే సంగతి కనుక్కుంది. దొరికినవాటిలో ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్‌లు, అలాంటి చిన్న పెట్టెలు. కారణం ఏంటంటే, ఆ పెట్టెని పెట్టెలోంచి తీసి మొదటిసారి ఆన్ చెయ్యగానే కీ తయారుచేసేస్తుంది. అప్పటికి దానికి కీబోర్డు లేదు, మౌస్ లేదు, డిస్కులో కదలిక లేదు, గడియారం కూడా సరిగ్గా ఉండదు. ఇంక యాదృచ్ఛికత ఎక్కణ్ణించి వస్తుంది? ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన పెట్టెలన్నీ ఒకే "యాదృచ్ఛిక" సంఖ్య ఎంచుకున్నాయి. మన తాళాల కొట్టువాడు ఊళ్ళో అందరికీ ఒకే తాళంచెవి ఇచ్చినట్టు.

ఇంకా కావాలా? 2006లో డెబియన్ లినక్సులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ మీద ఒక టూల్ వార్నింగులిస్తోందని రెండు లైన్లు తీసేశారు. ఆ లైన్ల పనే యాదృచ్ఛికతని పోగేయడం. 2008లో బయటపడేదాకా ఆ యంత్రాల్లో పుట్టిన కీల వైవిధ్యమంతా ప్రాసెస్ ఐడీ మీదే ఆధారపడింది. అంటే ఒక్కో రకానికి 32,768 మించి లేవు. వార్నింగ్ క్లీనప్ అని మనం స్ప్రింట్‌లో చివరి రోజు చేసే పని గుర్తొచ్చిందా? 2017లో చెక్ దేశపు బ్ర్నో నగరంలోని మసారిక్ యూనివర్సిటీ పరిశోధకులు ఇన్ఫినియాన్ చిప్పుల్లో ఉన్న లైబ్రరీ గుట్టు విప్పారు. ప్రధాన సంఖ్యలు త్వరగా దొరకాలని ఆ లైబ్రరీ ఒక ప్రత్యేకమైన మూసలో ఉన్నవాటినే ఎంచుకుంటోంది. ఆ మూస తెలిసినవాడికి విడగొట్టడం సులువైపోతుంది. ఎస్టోనియా దేశంలో అప్పటికి ఇచ్చేసిన సుమారు 7,60,000 గుర్తింపు కార్డుల మీద ఆ దెబ్బ పడింది, ఆ ఏడాది నవంబరులో వాటి సర్టిఫికెట్లు నిలిపేయాల్సొచ్చింది. దేశ జనాభాయే 13 లక్షలు. మన సంఖ్యలతో పోల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవి ఎంపికలో తప్పులు. రెండో రకం తప్పు, పాత సైజునే పట్టుకు వేలాడటం.

1977 ఆగస్టులో మార్టిన్ గార్డ్నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో 129 అంకెల సంఖ్య ఒకటి ప్రచురించి, విడగొట్టినవాళ్ళకి ఆర్‌ఎస్‌ఏ కనిపెట్టినవారి తరఫున 100 డాలర్ల బహుమతి ప్రకటించాడు. సుమారు 400 కోట్ల కోట్ల ఏళ్ళు పట్టొచ్చని అప్పటి అంచనా. 1994 ఏప్రిల్లో, అంటే 17 ఏళ్ళకే, సుమారు 600 మంది ఔత్సాహికులు ఈమెయిల్లో పని పంచుకుని ఎనిమిది నెలల్లో తేల్చేశారు. అప్పటి అంచనా వేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, వాళ్ళలో ఆర్‌ఎస్‌ఏలోని మొదటి అక్షరమైన రివెస్ట్ ఉన్నాడు. యంత్రాలు వేగమవుతాయని అందరికీ తెలుసు. లెక్కలు కూడా వేగమవుతాయని మర్చిపోయారు. 1981లో పామరెన్స్ క్వాడ్రాటిక్ సీవ్ తెచ్చాడు, తర్వాత నంబర్ ఫీల్డ్ సీవ్ వచ్చింది. విశేషమేంటంటే ఈ రెంటి గుండెలోనూ ఉన్నది రెండు వర్గాల భేదమే. నారాయణ పండితుడి మునిమనవళ్ళన్నమాట.

512 బిట్ల సంఖ్య 1999లో విడిపోయింది. ఆ రోజే దానికి నీళ్ళొదిలెయ్యాల్సింది. 2009లో ఒక ఔత్సాహికుడు ఒకే ఒక్క ఇంటి కంప్యూటర్ మీద 73 రోజుల్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కాలిక్యులేటర్ 512 బిట్ల కీని విడగొట్టాడు. 2012లో గూగుల్ సంస్థ ఈమెయిల్ సంతకాలకి వాడుతున్న కీ ఇంకా 512 బిట్లే ఉందని ఒక గణితజ్ఞుడు కనిపెట్టాడు. 2015కి వచ్చేసరికి అదే పనికి అమెజాన్ క్లౌడ్‌లో నాలుగు గంటలు, 75 డాలర్లు చాలని అమెరికా పరిశోధకులు చేసి చూపించారు. 16 ఏళ్ళ క్రితం పనికిరాదని తేలిన తాళం అప్పటికీ బయట తిరుగుతూనే ఉంది.

మరోపక్క అసలు పోటీ చూడండి. ఇప్పటిదాకా మామూలు కంప్యూటర్లతో బహిరంగంగా విడగొట్టిన అతిపెద్ద ఆర్‌ఎస్‌ఏ సవాలు సంఖ్య 250 అంకెలది, 829 బిట్లు, 2020 ఫిబ్రవరిలో. ఒకే కోర్ మీద నడిపితే సుమారు 2700 ఏళ్ళు పట్టేంత పని. 2048 బిట్ల దరిదాపుల్లో ఎవరూ లేరు. అంటే ముందు తలుపు గట్టిగానే ఉంది. మనమే పెరటి తలుపు బార్లా తీసి పడుకుంటున్నాం.

"ఇవన్నీ లైబ్రరీ రాసేవాళ్ళు చూసుకోవాలి, మనం ఫంక్షన్ కాల్ చేస్తాం అంతే" అని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. సొంతంగా క్రిప్టో రాయొద్దు అన్నంతవరకూ నేనూ ఆయన పక్షమే. కానీ పైన చెప్పినవాటిలో ప్రింటరుది లైబ్రరీ, చిప్పుది లైబ్రరీ, డెబియన్‌ది లైబ్రరీ. రౌటర్ల విషయంలో లైబ్రరీ చాలావరకు బాగానే ఉంది, దాన్ని పిలిచిన సమయం బాలేదు. ఎప్పుడు పిలవాలి, ఏ సైజు అడగాలి, ఎప్పుడు మార్చాలి అనేవి లైబ్రరీ చెప్పదు. అవి మన నిర్ణయాలు. ఒక ప్రాజెక్టులో (ఎక్కడో చెప్పను) వర్చువల్ మెషీన్ ఇమేజ్ ఒకటి తయారుచేసి, అందులోనే కీలు పుట్టించి, ఆ ఇమేజ్‌ని వందలాది సర్వర్లకి కాపీ కొట్టడం నా కళ్ళతో చూశాను. ఆ కీలు విడగొట్టడానికి గ.సా.భా. కూడా అక్కర్లేదు, అన్నీ ఒకటే! అడిగితే "డిప్లాయ్‌మెంట్ ఫాస్ట్‌గా అవుతుంది కదా" అన్నారు అక్కడి పెద్దాయన.

ఇప్పుడు క్వాంటమ్ సంగతి. పీటర్ షోర్ 1994లోనే చూపించాడు, సరైన క్వాంటమ్ యంత్రం ఉంటే కారణాంకాలు త్వరగా కనుక్కోవచ్చని. 2001లో ఐబీఎం వాళ్ళు 7 క్యూబిట్లతో 15ని 3 ఇంటూ 5 అని విడగొట్టారు. 2048 బిట్లకి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గూగుల్‌కి చెందిన గిడ్నీ, స్వీడన్ పరిశోధకుడు ఎకెరో కలిసి లెక్కేశారు. 2025 మే నెలలో గిడ్నీయే పది లక్షల లోపు క్యూబిట్లతో వారంలోపు అవుతుందని సవరించాడు. ఆరేళ్ళలో అవసరం 20 రెట్లు తగ్గింది, యంత్రం పెరగకుండానే! మళ్ళీ అదే పాఠం, లెక్కలు కూడా వేగమవుతాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి పెడతామని ప్రకటించిన యంత్రం 156 క్యూబిట్లది. పరిశోధనకి చాలా మంచిదే, సంతోషించాల్సిందే. దానివల్ల రేపే బ్యాంకులు మునుగుతాయని కంగారుపడక్కర్లేదు.

కంగారు అక్కర్లేదు కానీ పని ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త పద్ధతుల ప్రమాణాలు మూడు విడుదల చేసింది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏని 2030 తర్వాత తగ్గించుకోవాలని, 2035 తర్వాత వాడకూడదని ఆ ఏడాది నవంబరు ముసాయిదాలో ప్రతిపాదించింది. ఇవాళ దొంగిలించి దాచుకున్న డేటాని పదిహేనేళ్ళ తర్వాత తెరవొచ్చు. క్రెడిట్ కార్డు నంబరైతే అప్పటికి పనికిరాదు. మీ వేలిముద్ర, మీ వైద్య రికార్డు అప్పటికీ మీవే.

నా భయం ఇక్కడే. ఈ మార్పంతా చేసేది ఎవరు? హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసుల్లో కూర్చున్న మనమే. టికెట్ వస్తుంది, డెడ్‌లైన్ ఉంటుంది, పాత ఫంక్షన్ తీసి కొత్త ఫంక్షన్ పెడతాం. కొత్త పద్ధతులకీ యాదృచ్ఛికత కావాలి, వాటికీ షార్ట్‌కట్‌లు తీయొచ్చు. నిస్ట్ పోటీలో ముందుకెళ్ళిన సైక్ అనే పద్ధతిని 2022లో ఇద్దరు బెల్జియం పరిశోధకులు ఒకే కోర్ మీద గంటలో పగలగొట్టారు. వాడింది 1997 నాటి సిద్ధాంతం. మళ్ళీ పాత దొంగే! కారణాంకాల దగ్గర 50 ఏళ్ళుగా చేసిన తప్పులే అర్థం చేసుకోకుండా కొత్త తాళం బిగిస్తే, అవే తప్పులు కొత్త పేరుతో చేస్తాం.

అందుకని నేననేది పెద్ద పెద్ద థియరీలు చదవమని కాదు. మూడే మూడు పనులు.

ఒకటి, మీ ప్రాజెక్టులో కీలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంత సైజువో, ఎప్పటివో లిస్టు రాయండి. చాలాచోట్ల ఈ లిస్టు లేదు, అది రాసిన ఒక్క మనిషి ఉద్యోగం మారి వెళ్ళిపోయి ఉంటాడు.

రెండు, ఆ కీ పుట్టిన క్షణాన యంత్రం దగ్గర యాదృచ్ఛికత ఉందా లేదా అడగండి. ముఖ్యంగా కంటైనర్లు, వర్చువల్ మెషీన్లు, చిన్న పెట్టెల విషయంలో.

మూడు, మీ దగ్గరున్న పబ్లిక్ కీలన్నీ పోగేసి గ.సా.భా. కట్టండి, ఫెర్మా పద్ధతి ఓ వెయ్యి అడుగులు నడపండి. ఇరవై లైన్ల పైథాన్ కోడ్, ఒక మధ్యాహ్నం పని. ఏమీ దొరక్కపోతే హాయిగా నిద్రపోండి. దొరికితే మీకంటే ముందు ఇంకెవరికీ దొరకలేదని దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ రోజే కీ మార్చండి.

ఇంక ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న అడిగే తోటి పెద్దలకి ఓ మనవి. కుర్రాడు లూప్ రాయగానే టిక్కు పెట్టి పంపెయ్యకండి. "617 అంకెలైతే?" అని ఇంకొక్క ప్రశ్న వెయ్యండి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, ఇంటికెళ్ళి వెతుక్కుంటాడు. రేపు మన వేలిముద్రలకి కాపలా ఉండేది ఆ పిల్లలే.

సోమవారం ఆఫీసుకెళ్ళాక "మన కీలు ఎక్కడ పుడుతున్నాయి?" అని మీ టీములో ఒక్కసారి అడిగి చూడండి. ఏం జవాబొచ్చిందో నాకూ చెప్పండి, కంపెనీ పేరు మాత్రం రాయొద్దు :)